రెండు పాయలూ, మధ్యలో మేటా: ‘కిడ్ ఏ’ ఇరవయ్యేళ్ళ తరువాత

2001 శ్రావణ మాసంలో మా పెద్దమ్మ గారింట్లో పెళ్ళికి అమెరికా నుంచి వచ్చిన మా అన్నయ్య తన పెట్టెలో రెండు సీడీలు తెచ్చాడు. ఒకటి అంతకు ముందటి ఏడాది అక్టోబరులో విడుదలైన ‘కిడ్ ఏ’, రెండోది అప్పటికి రెండు నెలల కిందటే వచ్చిన ‘ఆమ్నీజియాక్’. రెండూ ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ ప్రాంతానికి చెందిన రేడియోహెడ్ అనే రాక్ బృందం చేసినవే. పెళ్ళింట్లో సీడీ కూడా పట్టే టేప్‌రికార్డరు ఒకటి ఉండేది. నేను అమలాపురం గడియార స్తంభం దగ్గర 90 నిమిషాల ఖాళీ క్యాసెట్టు కొనుక్కుని వచ్చి, ఒక వైపు మొదటి ఆల్బమునూ రెండో వైపు రెండో ఆల్బమునూ ఎక్కించుకున్నాను. క్యాసెట్టుకు ఒక్కో వైపు 45 నిమిషాలు. ‘ఆమ్నీజియాక్’ సుమారు 44 నిమిషాలే కాబట్టి సరిగ్గా ఇమిడింది. ‘కిడ్ ఏ’ దాదాపు 50 నిమిషాలు ఉండటంతో దాని చివరి పాట మధ్యలోనే తెగిపోయింది. తరువాత కొన్నేళ్ళ పాటు ఆ పాట నాకు అలా తెగిన పాటగానే తెలుసు.

అప్పట్లో నేను కాకినాడలో చదువుకునేవాణ్ణి. వారాంతంలో ఇంటికి రావాలంటే కోటిపల్లి దాకా బస్సు, అక్కడ రేవులో పంటెక్కి గౌతమి దాటితే ముక్తేశ్వరం, అక్కణ్ణుంచి అమలాపురానికి మరో బస్సు. ఆ వర్షాకాలమంతా ఎర్రనీటి మీద పంటు మెల్లగా అవతలి గట్టుకు జరుగుతుంటే నా చెవుల్లో ఆ క్యాసెట్టే తిరిగింది. అందువల్ల ఈ రెండు ఆల్బములను నేను ఏనాడూ వేరువేరుగా వినలేదు. నాకవి ఒకే వస్తువుకు రెండు వైపులు. ఇరవయ్యేళ్ళ తరువాత, 2021 నవంబరు 5న, దీపావళి మర్నాడు, ఆ బృందమే రెండింటినీ కలిపి, మూడో డిస్కు ఒకటి చేర్చి ‘కిడ్ ఏ నీజియా’ అన్న పేరుతో విడుదల చేసినప్పుడు, నా క్యాసెట్టుకు ముద్ర వేసి ఇచ్చినట్టు అనిపించి మనసులో సంతోషించాను. అయితే ఆ మూడో డిస్కు విన్న తరువాత ఆ సంతోషంలో ఒక అసంతృప్తి కలిసింది. అది ఇప్పటికీ తగ్గలేదు కనుక, దాని కారణాలేమిటో నిదానంగా రాసుకోవాలని ఈ వ్యాసం మొదలుపెట్టాను.

ముందుగా అసలు ఆల్బము సంగతి. 1997లో వచ్చిన ‘ఓకే కంప్యూటర్’ ఈ బృందాన్ని ప్రపంచమంతా ఎరిగిన గిటారు బృందంగా నిలబెట్టింది. ఆ తరువాత గాయకుడు టామ్ యార్క్ పాట రాయలేని స్థితికి చేరాడు. రాగం కట్టడం మీదే ఆయనకు విసుగు పుట్టింది, లయ మాత్రమే కావాలనిపించింది. 1999 ఆరంభం నుంచి 2000 వసంతం దాకా పారిస్‌లో, కోపెన్‌హేగెన్‌లో, గ్లోస్టర్‌షైర్‌లోని ఒక పెద్ద భవంతిలో, చివరికి ఆక్స్‌ఫర్డ్‌లోని సొంత స్టూడియోలో నైజెల్ గాడ్రిచ్ నిర్మాణ సారథ్యంలో పని సాగింది. బృందంలో గిటారు పట్టేవాళ్ళు ముగ్గురు. ఎక్కువ పాటల్లో వాళ్ళకు గిటారుతో పని లేకుండా పోయింది. ఎవరు ఏం చేయాలో తెలియక బృందం విడిపోయే మాట దాకా వెళ్ళింది. యార్క్ వాక్యాలను కాగితపు ముక్కల మీద రాసి, టోపీలో వేసి, చేతికి వచ్చిన వరుసలో వాటిని పాడుకున్నాడు. ఇరవైకి పైగా పాటలు పోగయ్యాయి. రెండు డిస్కుల ఆల్బముగా వేద్దామనుకుని, అంత బరువు ఒక్కసారిగా శ్రోత మీద పెట్టకూడదని విరమించుకున్నారు. మొదట ‘కిడ్ ఏ’ వచ్చింది. దాని నుంచి విడిగా అమ్మే పాట (సింగిల్) ఒక్కటి కూడా విడుదల చేయలేదు, మామూలు వీడియోలు తీయలేదు. అయినా బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ అమ్మకాల పట్టికలో మొదటి స్థానంలో దిగింది. అవార్డుల సంగతి అందరికీ తెలిసినదే కాబట్టి వదిలేస్తాను.

నాకు ముఖ్యమైనది ఆ ఆల్బములోని రెండు వాయిద్యాల మధ్య నడిచే సంభాషణ. దీన్ని నాకు చూపించింది మా మేనమామ. ఆయన కోనసీమలోనూ కాకినాడ చుట్టుపక్కలా పద్యనాటకాలకు ముప్పై ఏళ్ళు హార్మోనియం వాయించినవాడు. తీర్థాల్లో, తిరునాళ్ళలో తెల్లవారేదాకా కాటి సీనుకు శ్రుతి పట్టినవాడు. నేను క్యాసెట్టు ఎక్కించుకుంటున్న రోజున ఆయన వసారాలో తమలపాకులకు సున్నం రాసుకుంటూ కూర్చున్నారు. ‘కిడ్ ఏ’ చివరి పాట ‘మోషన్ పిక్చర్ సౌండ్‌ట్రాక్’ మొదలయ్యేసరికి ఆయన చెయ్యి ఆగిపోయింది.

“ఏరా అల్లుడూ, హార్మణీ ఎవరిది?” అన్నారు.

“ఇంగ్లీషువాళ్ళ పాట మావయ్యా.”

“పాట సంగతి కాదురా, పెట్టె సంగతి. ఇది చేత్తో ఊదే పెట్టె కాదు, కాళ్ళతో తొక్కేది. వాడికి తొక్కడం అంత బాగా రాదు. అందుకే ఏడుపు వస్తోంది.”

ఆయన చెప్పింది నిజమని చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. యార్క్ ఆ పాటను కాళ్ళతో తొక్కే రీడ్ ఆర్గన్ మీదే వాయించాడు. తిత్తుల్లో గాలి నిండటం, తగ్గడం పాటలో అంతటా వినిపిస్తుంది. గాలి ఆగితే స్వరం ఆగుతుంది కనుక ఆ వాయిద్యానికి ఊపిరి ఉన్నట్టు ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సులో పుట్టిన ఆ పెట్టె కలకత్తా మీదుగా చేత్తో ఊదే రూపానికి మారి మన నాటకాల్లోకీ భజనల్లోకీ వచ్చి చేరింది. దానికి ఒక లోటు ఉందని మన సంగీత విద్వాంసులు ఎప్పటినుంచో అంటున్నదే. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఏమీ ఉండదు, అందుకే గమకం పలకదు. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించడానికి చెప్పిన కారణాల్లో అదొకటి. ఆ నిషేధం మా మేనమామ తరాన్ని ఎంత నొప్పించిందో నేను ఇంట్లో వింటూ పెరిగాను.

ఇప్పుడు అదే ఆల్బములో రెండో వాయిద్యాన్ని చూడండి. బృందంలో గిటారు వాయించే జానీ గ్రీన్‌వుడ్ వాయించిన ఒండ్ మార్తెనో అనే విద్యుత్ వాయిద్యాన్ని 1928లో మోరిస్ మార్తెనో అనే ఫ్రెంచివాడు లోకానికి చూపించాడు. ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెస్సియాన్ దాన్ని తన ‘తురంగలీలా’ సింఫనీలో వాడాడు. ఆ పేరు సంస్కృతం నుంచి తీసుకున్నదే. వేలికి ఉంగరం తొడుక్కుని, తీగ వెంట దాన్ని జరుపుతూ పోతే స్వరం ఎక్కడా మెట్టు దిగకుండా జారుతుంది. అంటే హార్మోనియంలో లేనిదల్లా దీనిలో ఉంది. ‘హౌ టు డిసప్పియర్ కంప్లీట్‌లీ’ అనే పాటలో ఆ జారుడు స్వరం తీగ వాయిద్యాల మేళవింపు మీదుగా సాగిపోతుంటే, అది మనిషి గొంతో యంత్రమో చెప్పలేం. పేరు పాట ‘కిడ్ ఏ’లోనైతే యార్క్ మాటలను ఊరికే పలుకుతుంటే, గ్రీన్‌వుడ్ ఈ వాయిద్యం మీద వాయించిన స్వరాలు ఆ మాటలకు రాగం తొడుగుతాయి. గొంతు ఒకరిది, రాగం మరొకరిది. గమకమే ఊపిరిగా ఉన్న వాయిద్యంతో గాయకుడి గొంతును చెరిపివేసి, చివరికి గమకమే పలకని పెట్టె ముందు అదే గాయకుణ్ణి ఏ తొడుగూ లేకుండా కూర్చోబెట్టారు. ఆల్బము నడక అంతా ఈ రెండు అంచుల మధ్యనే ఉందని నా నమ్మకం. దీన్ని ‘ఎలక్ట్రానిక్ సంగీతం వైపు మళ్ళిన రాక్ ఆల్బము’ అని ఒక్క ముక్కలో తేల్చే సమీక్షలు నాకు ఎప్పుడూ సరిపోయినట్టు అనిపించవు.

ఇక రెండో పాయ. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. ఈ రెండింటిలో ఏది అసలు గోదావరి అని మా వైపు ఎవరూ అడగరు. రెండూ అదే నీరు. కానీ ‘ఆమ్నీజియాక్’ విషయంలో మాత్రం ఆ ప్రశ్న ఇరవయ్యేళ్ళు అడిగారు. ‘కిడ్ ఏ’కు పనికిరానివన్నీ పోగేసి ఎనిమిది నెలలకు అమ్ముకున్నారన్న మాట సంగీత పత్రికల్లోనూ అభిమానుల్లోనూ స్థిరపడిపోయింది. ఆ మాట తప్పు. ఏది ముందు రావాలి, ఏది తరువాత రావాలి అన్న ఎంపిక జరిగిందే తప్ప, ఏది మంచి, ఏది తక్కువ అన్న వడపోత జరగలేదు. దీనికి నా దగ్గరున్న గట్టి సాక్ష్యం ‘ఆమ్నీజియాక్’లోని ‘పిరమిడ్ సాంగ్’.

ఆ పాట పియానో మీద మొదలవుతుంది. డ్రమ్ములు రావడానికి చాలాసేపు పడుతుంది. అంతవరకు ఎక్కడ దరువు పడుతుందో తెలియదు. నేను పంటు మీద కూర్చుని వేళ్ళతో లెక్కపెట్టడానికి ప్రయత్నించి ఎన్నోసార్లు ఓడిపోయాను. మూడు, మూడు, నాలుగు, మూడు, మూడు. కలిపితే పదహారు. మన లెక్కలో ఇది ఆదితాళం రెండు ఆవర్తాలకు సమానమే, అయితే దెబ్బలు పడాల్సిన చోట పడవు. డ్రమ్ములు వచ్చాక, ఇంతసేపూ వంకరగా అనిపించిన నడక చక్కటి పదహారులో ఒదిగి ఉందని చెవికి తెలుస్తుంది. కోటిపల్లి రేవు దగ్గర సముద్రపు పోటు తగులుతుంది. పైనుంచి నీరు దిగుతున్నా, కింది నుంచి పోటు ఎక్కుతున్నా, నీటి మీద ఉన్నవాడికి రెండూ కలిసి ఒకే ఊగుగా తెలుస్తాయి. ఈ పాట ఊగడం అలాంటిది. పాటలోని మనిషి నదిలోకి దూకడంతో కథ మొదలవుతుందని అప్పటికి నాకు అర్థమయ్యేంత ఇంగ్లీషు చెవి లేదు. నదికి సంబంధించినదని మాత్రం ఎందుకో తెలిసింది.

‘కిడ్ ఏ’ మొదటి పాట ‘ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్’ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే లయ విషయంలో ఈ రెండు ఆల్బములూ ఒకే కాన్పువని అది నిరూపిస్తుంది. అది పది లెక్కల ఆవర్తం. పాశ్చాత్య శ్రోతలకు కొత్తగా తోచిన ఆ లెక్క, ఖండచాపు వింటూ పెరిగిన చెవికి ఇంటి గుమ్మం లాంటిది. మా మేనమామ అయితే అది వినగానే తొడ మీద చాపు వేసేశారు.

‘ఆమ్నీజియాక్’ ముగింపు పాట ‘లైఫ్ ఇన్ ఎ గ్లాస్‌హౌస్’లో అప్పటికి దాదాపు ఎనభై ఏళ్ళున్న జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు హంఫ్రీ లిటిల్టన్ తన బృందంతో వచ్చి వాయించాడు. మా ఊళ్ళల్లో పెద్దవాళ్ళ అంతిమయాత్ర ముందు నడిచే బ్యాండు మేళం గుర్తుకొస్తుంది. దుఃఖం, ఉత్సాహం ఒకే బూరలో నుంచి రావడం మనకు కొత్త కాదు. ‘కిడ్ ఏ’ కాళ్ళతో తొక్కే పెట్టెతో ఒంటరిగా ముగిస్తే, ‘ఆమ్నీజియాక్’ ఊరంతా వెంట నడిచే మేళంతో ముగుస్తుంది. ఇది ఏరివేతల మూట అనేవాళ్ళు ఈ రెండు ముగింపులను ఒకదాని తరువాత ఒకటి వినాలి. 2021 కూర్పు చేసిన గొప్ప మేలు ఇదే. రెండింటినీ ఒకే అట్టలో, ఒకే పేరుతో, పెద్దా చిన్నా తేడా లేకుండా పక్కపక్కన పెట్టింది. దానికి నేను కృతజ్ఞుణ్ణి.

ఇప్పుడు మూడో డిస్కు. దాని పేరు ‘కిడ్ ఆమ్నీజియే’. 12 ముక్కలు. గౌతమికీ వశిష్ఠకూ నడుమనున్న కోనసీమ మొత్తం నది మోసుకొచ్చి వదిలిన మట్టే కనుక, రెండు ఆల్బముల మధ్య మిగిలిపోయినదాన్ని తక్కువగా చూసే అలవాటు నాకు లేదు. కానీ వరద తీశాక చేలో దిగిన రైతుకు ఒక తేడా తెలుసు. ఒండ్రు పడితే ఆ ఏడాది పంటకు ఎరువు అక్కర్లేదు. ఇసుక మేట వేస్తే ఆ చేను ఎందుకూ పనికిరాదు, ఇసుక ఎత్తించడానికి అప్పు చేయాలి. 2022 జూలై వరదకు లంకలు మునిగినప్పుడు మా బంధువుల అరటితోటల్లో రెండూ పడ్డాయి, ఒకే గట్టున, నాలుగు బారల తేడాలో. ఈ డిస్కులోనూ రెండూ ఉన్నాయి.

ఒండ్రు ముందు చెబుతాను. ‘పల్క్/పుల్’ అనే పాట ‘ఆమ్నీజియాక్’లో గరగరలాడే యంత్రపు దరువుల మీద మాటలు తేలే ముక్క. నా పంటు ప్రయాణాల్లో నేను తరచు దాటవేసినది అదే. మూడో డిస్కులో అదే దరువు మీద యార్క్ ‘ట్రూ లవ్ వెయిట్స్’ పాడతాడు. ఈ పాటను బృందం 1995 నుంచే కచేరీల్లో పాడేది. ఎన్నిసార్లు ప్రయత్నించినా స్టూడియోలో కుదరక పక్కన పెట్టేవారు. చివరికి 2016లో ‘ఎ మూన్ షేప్డ్ పూల్’లో పియానోతో వచ్చింది. ఇప్పుడు వింటే తెలిసేదేమంటే, ఆ ప్రేమ పాట కోసం కట్టిన దరువు నిలబడింది, దాని మీద నిలవాల్సిన పాట జారిపోయింది. దాటవేయదగ్గదని నేననుకున్న ముక్క నిజానికి ఒక గొప్ప పాట ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఇల్లు. ఇది విన్న రోజు నుంచి ‘ఆమ్నీజియాక్’లోని ఆ గరగర నాకు వేరుగా వినిపిస్తోంది. విస్తరించిన కూర్పు చేయగల పని ఇదే. కొత్త పాట ఇవ్వడం కంటే పాత పాటలో మనం వినకుండా వదిలేసిన చోటును చూపించడం పెద్ద పని.

‘లైక్ స్పిన్నింగ్ ప్లేట్స్’ కూడా ఆ కోవలోదే. అసలు రూపంలో దాని నేపథ్యం మరో పాటను తిరగేసి వాయించినది. 2003లో ‘హెయిల్ టు ద థీఫ్’లో వచ్చిన ‘ఐ విల్’ తొలి రూపాన్ని వెనక నుంచి ముందుకు తిప్పారు. యార్క్ తిరగబడిన ఆ రాగాన్ని కంఠస్థం చేశాడు. మూడో డిస్కు మొదట్లో వచ్చే రూపంలో ఆ చక్రాలు తగ్గి, పియానో మీద పాట ఎముకలు కనిపిస్తాయి. ఎంత శ్రమపడి ఆ ఎముకలను దాచారో తెలిసినప్పుడు, దాచడమే అసలు కూర్పు అని అర్థమవుతుంది.

‘ఇఫ్ యు సే ద వర్డ్’, ‘ఫాలో మీ అరౌండ్’ అనే రెండు పూర్తి పాటల మీద అందరూ ఎక్కువ ఆసక్తి చూపారు. మొదటిది నిండైన పాట. ఏ ఆల్బములో పెట్టినా తలదించుకోవలసిన పనిలేనిది. రెండోదాన్ని అభిమానులు 1998 నాటి డాక్యుమెంటరీలో విని, ఇరవై మూడేళ్ళు ఎదురుచూశారు. ఒక్క గిటారు, ఒక్క గొంతు. నాకు అది చాలా ఇష్టం. అయినా ‘కిడ్ ఏ’లో ఎక్కడ పెట్టి చూసినా ఆల్బము కూలిపోతుంది. ఇంత తేలిగ్గా మనసుకు పట్టే పాట చేతిలో ఉండి కూడా పక్కన పెట్టగలిగారంటే, ఆ ఆల్బము కోసం వాళ్ళు చెల్లించిన మూల్యం ఎంతో ఆ పాటే చెబుతుంది. ఆ లెక్కన అది కూడా ఒండ్రే.

ఇసుక సంగతి. పేరు లేని మూడు ముక్కలు, ‘పిరమిడ్ స్ట్రింగ్స్’, ‘ఆల్ట్ ఫాస్ట్ ట్రాక్’. పన్నెండు ముక్కల్లో ఇవి అయిదు. ఇవి చెడ్డవని నేను అనడం లేదు. ఇవి దేనికి ముక్కలో, ఎప్పటివో, ఎందుకు వదిలారో తెలిపే ఒక్క మాట ఎక్కడా లేకుండా, ఒకదానిలోకి మరొకటి కరిగిపోయేట్టు కుట్టి, మరో ఆల్బములా వినిపించే ప్రయత్నం చేశారు. నా అసంతృప్తి మూలం ఇక్కడే ఉంది. పనివాడి కొట్టు చూపిస్తామని పిలిచి, కొట్టును పూలతో అలంకరించి, పనిముట్లను గుడ్డ కింద కప్పినట్టుంది.

ఏం చూపించవచ్చో ఒక ఉదాహరణ చెబుతాను. ‘కిడ్ ఏ’లోని ‘ఇడియోటెక్’ పాట పుట్టుక గురించి ఆ బృందమే చెప్పుకున్న కథ ప్రసిద్ధం. గ్రీన్‌వుడ్ డ్రమ్ యంత్రంతోనూ పాత రికార్డుల నుంచి తీసిన తునకలతోనూ సుమారు 50 నిమిషాల గందరగోళాన్ని టేపు మీద పట్టి యార్క్ చేతిలో పెట్టాడు. అందులో సుమారు 40 సెకన్ల చోట యార్క్ పాటను కనుగొన్నాడు. ఆ తునకల్లో ఒకటి అమెరికన్ స్వరకర్త పాల్ లాన్‌స్కీ 1973లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు కంప్యూటరు మీద కూర్చిన రచనలోని నాలుగు స్వరమేళనాలు. గ్రీన్‌వుడ్ ఆయనకు ఉత్తరం రాసి అనుమతి తీసుకున్నాడు. 50 నిమిషాల్లో 40 సెకన్లు! ‘కిడ్ ఏ’ సౌందర్యశాస్త్రం మొత్తం ఆ నిష్పత్తిలో ఉంది. ఆ టేపులో కనీసం పది నిమిషాలు మూడో డిస్కులో పెట్టి ఉంటే, ఆ ముందూ వెనకా ఉన్న చెత్త మధ్య నుంచి ఆ నాలుగు స్వరమేళనాలు తల ఎత్తే క్షణాన్ని మనం కూడా వినేవాళ్ళం. వినడానికి కష్టంగా ఉంటుందని అంటారేమో. ‘కిడ్ ఏ’ను వెతుక్కుని కొనే శ్రోతకు కష్టం కొత్తది కాదు.

అలాగే సింగిల్స్ వెనక వేసిన పాటలు. ‘కట్‌టూత్’, ‘వరీవర్ట్’, ‘ద అమేజింగ్ సౌండ్స్ ఆఫ్ ఆర్జీ’ వంటివి 2001లో బయటకు వచ్చి, ఆ కాలపు పనిలో విడదీయరాని భాగమయ్యాయి. అవి ఈ కూర్పు సీడీలో లేవు, పరిమితంగా అమ్మిన క్యాసెట్టులో మాత్రం చేర్చారు. ఇదే బృందం 2017లో ‘ఓకే కంప్యూటర్’ ఇరవయ్యేళ్ళ కూర్పు తెచ్చినప్పుడు అలాంటి పాటలన్నింటినీ రెండో డిస్కులో సాఫీగా ఇచ్చింది. 2009లో వాళ్ళ పాత రికార్డింగు సంస్థ ఇఎంఐ బృందం ప్రమేయం లేకుండా ‘కిడ్ ఏ’, ‘ఆమ్నీజియాక్’ల సేకర్తల కూర్పులను వేసింది. వాటిలో ఆ వెనక పాటలూ కచేరీ రికార్డింగులూ ఉన్నాయి. సృష్టికర్తల సమ్మతి లేని కూర్పు కన్నా సృష్టికర్తలే చేసిన కూర్పులో సమాచారం తక్కువగా ఉండటం నాకు బాధగా ఉంది.

తమ రచనను ఎంత చూపించాలో నిర్ణయించుకునే హక్కు కళాకారులదే కదా అన్నది ఇక్కడ వచ్చే బలమైన ప్రతివాదన. ఆ హక్కును నేను ఒప్పుకుంటాను. టేపులన్నీ తగలబెట్టినా అడిగే అధికారం నాకు లేదు. కానీ పాత పని తలుపు తెరుస్తున్నామని ప్రకటించినవాళ్ళు తెరవాలి. పద్యనాటకంలో జనం వన్స్‌మోర్ కొడితే నటుడికి రెండు దారులున్నాయి. నమస్కారం పెట్టి సీను ముందుకు నడిపించవచ్చు, లేదా అదే పద్యాన్ని మరో సంగతితో ఎత్తుకోవచ్చు. రెండూ గౌరవమే. పద్యంలో ఒక పాదం మాత్రం రాగంగా ఆలపించి తెర దించితే, అడిగినవాడు అడిగినందుకు చిన్నబోతాడు.

నిజంగా తలుపు తెరిచింది ఇంకొకచోట. అదే నవంబరులో కంప్యూటర్లకూ ప్లేస్టేషన్ 5కూ ఉచితంగా ఇచ్చిన ‘కిడ్ ఏ నీజియా ఎగ్జిబిషన్’ అనే వీడియో ఆటలో, చిత్రకారుడు స్టాన్లీ డాన్‌వుడ్, యార్క్ కలిసి గీసిన బొమ్మలతో కట్టిన గదుల్లో నడుస్తూ పోతే, పాటల్లోని పొరలు విడివిడిగా దగ్గరికి వస్తాయి, దూరమవుతాయి. మా అక్క కొడుకు కంప్యూటరు మీద దానిలో ఒక సాయంత్రమంతా తిరిగాను. ఒక పాట దరువు ఒక గదిలో, గొంతు మరో మూల. మూడో డిస్కు చేయాల్సిన పని ఆట చేసింది. అయితే అది సీడీగా చేతిలో మిగలదు.

ఒక్క ముక్క గురించి మాత్రం నాకూ మా మేనమామకూ ఇప్పటికీ కుదరలేదు. డిస్కు చివరిది, ‘హౌ టు డిసప్పియర్ ఇన్‌టు స్ట్రింగ్స్’. గ్రీన్‌వుడ్ రాసిన తీగ వాయిద్యాల భాగాన్ని ఆర్కెస్ట్రా ఆఫ్ సెయింట్ జాన్స్ వాద్యకారులు ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గరలోని డార్చెస్టర్ మఠపు చర్చిలో వాయించారు. ఆ భాగాన్ని పాట లేకుండా, గిటారు లేకుండా వినిపిస్తారు. గొంతు వెనక ఎంత పెద్ద అల కదులుతోందో ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు. గొంతు తీసేశాక కూడా, అది ఎక్కడ ఊపిరి తీసుకునేదో ఆ చోట తీగలు ఆగి చూడటం వినిపిస్తుంది. మొత్తం కూర్పులో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే. పోయిన సంక్రాంతికి అంబాజీపేట వెళ్ళినప్పుడు ఆయనకు హెడ్‌ఫోన్లు తగిలించి వినిపించాను. ఎనభైకి చేరువైన మనిషి, కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

“బాగుందిరా. కానీ పద్యం ఏదీ?”

“పద్యం తీసేసి, వెనకది ఒక్కటే ఇచ్చారు మావయ్యా.”

“ముప్పై ఏళ్ళు నేను వెనకే వాయించాను. నా ఒక్కడి పెట్టే వినిపించమని ఎవడూ అడగలేదు, అడగకపోవడమే సరి. పద్యం ఎటు పోతుందో తెలియకుండా మా చెయ్యి ఎటు పోవాలి?”

మద్దతు వాయిద్యంగానే బతికిన మనిషి తన కళను ఒంటరిగా వినడానికి ఒప్పుకోలేదు. నాకు మాత్రం ఆయన వాయించిన ఏ నాటకం టేపయినా దొరికి, అందులో పద్యం చెరిపేసి ఆ చెయ్యి ఒక్కటే వినే వీలుంటే బాగుండుననిపించింది. అలాంటి టేపు మా దగ్గర ఒక్కటీ లేదు. అందుకే కాబోలు, ఉన్న టేపులను దాచుకున్న వాళ్ళ మీద నాకింత పట్టుదల.

తరువాత ఆయన, “అప్పట్లో పెళ్ళిలో విన్న ఆ తొక్కుడు పెట్టె పాట ఉందా ఇందులో?” అని అడిగారు. మూడో డిస్కంతా వెతికినా దాని మరో రూపం ఏదీ లేదు. మొదటి డిస్కుకు వెళ్ళి పదో పాట పెట్టాను. పాట నడుస్తుండగా, క్యాసెట్టులో నాకు తెగిపోయిన చోటు వచ్చింది, దాటిపోయింది. ఆయన పాదాలు రెండూ మంచం కింద నేల మీద ఒకదాని తరువాత ఒకటి మెల్లగా నొక్కుతున్నాయి.